చెవిలో ఎవరి గొంతు?

ఈ మధ్య ఊళ్ళు చూడడంలో కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. గైడు అక్కర్లేదట, బస్సు అక్కర్లేదట. ఒక సైకిలు తీసుకోవడం, ఎలాగూ చేతిలో వుండే ఫోనులోకి ఊరి కథలు ముందుగానే దింపుకోవడం, చెవిలో ఆ చిన్న బిళ్ళ పెట్టుకోవడం. ఇక తొక్కుకుంటూ పోవడమే. ఫలానా మేడ ముందుకి రాగానే ఫోనుకి దానంతట అదే తెలిసిపోయి మేడ కథ చెప్పడం మొదలెడుతుంది. అయ్యాక 'ఎడమవైపు సందులోకి తిరగండి' అని దారి కూడా చూపిస్తుంది. ఆగాలనిపిస్తే ఆగొచ్చు, విసుగనిపిస్తే నోరు నొక్కెయ్యొచ్చు. విసుగొస్తే నోరు నొక్కెయ్యగలిగిన గైడు ఎంత వరమో, గుళ్ళల్లో గైడుల వెంట తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

విదేశాల్లో ఇలాంటివి చాలా ఊళ్ళల్లో వున్నాయి. మా రాజమండ్రిలోనూ పెడితే బాగుండునని అనేవాళ్ళు బయల్దేరారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కదా, ఊరికి నాలుగు మెరుగులు దిద్దాలన్న ఉబలాటం అందరికీ వుంది. నేను దీనికి అడ్డం చెప్పేదాన్ని కాను సుమండీ. సైకిలు మీద చూడడానికి మా ఊరంత అనువైనది మరొకటి లేదనే అంటాను. గోదావరి గట్టు పొడుగునా ఎత్తుపల్లాలు లేని దారి. ఘాట్లన్నీ వరసగా వుంటాయి. ఇన్నీసుపేట, కోటగుమ్మం, గోదావరి స్టేషను అన్నీ కూతవేటు దూరాలు. ఓపికుంటే మరో ఏడెనిమిది కిలోమీటర్లు తొక్కితే ధవళేశ్వరం ఆనకట్ట. ఎండంటారా, కార్తీకం నుంచి మాఘం దాకా పొద్దున్నే అయిదున్నరకి బయల్దేరితే ఎనిమిదింటికల్లా ఇల్లు చేరొచ్చు. దారిలో కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్కు దుకాణాలు తెరిచి వుండవన్నది ఒక్కటే లోటు.

నాకొచ్చిన తగువల్లా ఆ చెవిలో చెప్పబోయే కథల దగ్గర.

మా ఇంటికి వచ్చిపోయే పెద్దమనిషి ఒకాయన, చరిత్ర బాగా చదువుకున్నవారే, కాగితం మీద జాబితా రాసుకొచ్చి వినిపించారు. రాజరాజనరేంద్రుడు. నన్నయ. చిత్రాంగి మేడ. హేవలాక్ వంతెన. కాటన్ దొర. వీరేశలింగం పంతులుగారు. దామెర్ల రామారావు. 'ఎలా వుంది?' అన్నారు. బాగుందండీ, మరి ఆడవాళ్ళేరీ అన్నాను. 'చిత్రాంగి వుందిగా' అన్నారాయన, నొచ్చుకుంటూ.

చిత్రాంగి! వెయ్యేళ్ళ ఊరికి ఆడదంటే ఆవిడొక్కతే దొరికింది. కథ తెలియనివారు ఎవరుంటారు గనక. ముసలి రాజుకి పడుచు భార్య, సవతి కొడుకు సారంగధరుడి మీద మనసు పడుతుంది, వాడు కాదంటాడు, ఆవిడ రాజుకి లేనిపోనివి చెబుతుంది, రాజు కొడుక్కి కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. చేమకూర వేంకటకవి 17వ శతాబ్దంలో కావ్యం రాశాడు. 1957లో సినిమా వచ్చింది, ఎన్.టి. రామారావూ భానుమతీను. ఊళ్ళో సారంగధర మెట్ట వుండనే వుంది. మెట్ట చూపించిన ప్రతివాడూ, 'ఆడదాని బుద్ధి చూశారా' అనే అర్థం వచ్చేటట్టు ఒక నిట్టూర్పు విడిచి మరీ చెబుతాడు. నరికించినవాడి బుద్ధి మాట ఎవరూ ఎత్తరు!

సరే, కథ కథే అనుకుందాం. మరి చరిత్ర ఏమంటోంది? 11వ శతాబ్దంలో ఈ ఊరేలిన రాజరాజనరేంద్రుడి రాణి పేరు అమ్మంగదేవి. ఆవిడ రాజేంద్రచోళుడి కూతురు. వాళ్ళ కొడుకు పోయి చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. అంటే, ఈ గోదావరి గట్టు మీద ఒక తల్లి పెంచిన పిల్లవాడు తంజావూరు దేశాన్ని ఏలాడన్నమాట. ఇంత ముచ్చటైన సంగతి వుండగా, ఆ తల్లి పేరు ఊళ్ళో పదిమందిని అడిగితే ఎంతమందికి తెలుసు? చిత్రాంగి పేరు మాత్రం చంటిపిల్లలు కూడా చెబుతారు. ఆధారం వున్న ఆడది అడ్రసు లేకుండా పోయింది, ఆధారం లేని ఆడదానికి మేడ కట్టారు.

ఇదివరకు గైడు చెప్పిన అబద్ధం వింటున్న పదిమందితో పోయేది. అదీగాక ఎవరో ఒక పెద్దావిడ 'చాల్లేవయ్యా' అనే వీలుండేది. ఫోనులో చేరిన కథకి ఆ ఇబ్బంది లేదు. ఒక్కసారి రికార్డు చేసి పెడితే వేలమంది చెవుల్లో అదే మాట, అదే నిట్టూర్పుతో సహా మోగుతుంది. చాల్లే అనడానికి ఎదురుగా మనిషే వుండడు. అందుకే రికార్డు చెయ్యకముందే నోరు చేసుకుంటున్నాను.

వీరేశలింగం పంతులుగారి ఇంటికి వద్దాం. ఆ ఇల్లు చూడకపోతే రాజమండ్రి చూసినట్టు కాదు, ఒప్పుకుంటాను. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా వెలివేసింది. ఇంతవరకూ అందరూ చెబుతారు. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళవాళ్ళు రామన్నారు. అప్పుడు ఆ పెళ్ళికి నీళ్ళెలా వచ్చాయి? అన్నమెలా వుడికింది? రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి తానే వంట చేసింది. సంస్కరణ అనేది ఉపన్యాసాల్లో పుట్టి వుండవచ్చు, ఆ పూట మాత్రం ఆవిడ చంకన బిందెలో నడిచి వచ్చింది. పెళ్ళివంట చేసినవాళ్ళకి తెలుస్తుంది, నీళ్ళమనిషి కూడా లేకుండా పెళ్ళంటే ఏమిటో.

నేనైతే ఆ కథని ఇంటి గుమ్మంలో చెప్పించను. గోదావరి రేవులో మొదలు పెట్టిస్తాను. 'ఇక్కణ్ణించి ఆ ఇంటిదాకా తొక్కండి, దూరం ఎంతో మీ కాళ్ళకే తెలుస్తుంది. ఆవిడ నిండు బిందెతో నడిచింది' అని. దానికి సైకిలే సరైన వాహనం. కారులో వెళ్ళేవాడికి ఆ దూరం దూరమే కాదు. ఈ కొత్త పద్ధతిలో వున్న మహత్తు ఇదీ, కథ చెవికి వినిపిస్తూ వుంటే కాళ్ళు దాన్ని కొలుస్తాయి. మరి ఆ మహత్తుని తీసుకెళ్ళి రాజుగారి పట్టాభిషేకం తేదీలు అప్పజెప్పడానికి వాడతామంటే వొళ్ళు మండదూ?

దామెర్ల రామారావుగారి చిత్రశాలలోనూ ఇదే వరస. 1925లో, ఇరవయ్యెనిమిదేళ్ళయినా నిండకుండా పోయిన మహా చిత్రకారుడాయన. ఆయన్ని గురించి ఎంత చెప్పినా తక్కువే. కాని ఆయన భార్య సత్యవాణిగారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారూ కూడా బొమ్మలు వేశారని ఒక్క ముక్క అంటే ఆయన కీర్తికి ఏం తరుగు? సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి పోతూ, బాలవితంతువు దువ్వూరి సుబ్బమ్మగారు 1922లో సహాయ నిరాకరణోద్యమంలో శిక్షపడి ఈ జైల్లోనే వుందని చెబితే ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు కూడా లేవంటున్నారు, జాబితా నిండిపోయిందట.

ధవళేశ్వరం సంగతి మరీను. కాటన్ దొరగారి మీద నాకు భక్తి లేక కాదు. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆ ఆనకట్టే లేకపోతే మా వాళ్ళకి తిండి గింజలు లేవు. ఊరూరా గుర్రం మీద ఆయన విగ్రహాలు వుండడం న్యాయమే. ఆయనకి కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్నగారి పేరు కూడా ఈ మధ్య వినిపిస్తోంది, సంతోషం. కాని ఆ రాళ్ళు తట్టల్లో మోసిన తలలెవరివో ఏ పలకా చెప్పలేదు. పోనీ అది ఎప్పటిదో, పేర్లు దొరకవు. మొన్నటి సంగతో? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 24.55 అడుగులు వచ్చింది. మొదటి ప్రమాద హెచ్చరిక పదకొండు ముప్పావు అడుగులకి ఎగరేస్తారు, రెండోది పదమూడు ముప్పావుకి, మూడోది పదిహేడు ముప్పావుకి. ఆ మూడోదాని మీద మరో ఆరేడు అడుగులన్నమాట. లంక గ్రామాల్లో ఆ రోజు పొయ్యి ఎక్కడ వెలిగించారో, పసిపిల్లలకి పాలు ఎక్కణ్ణించి తెచ్చారో, గేదెల తాళ్ళు ఎవరు కోశారో చెప్పగల ఆడవాళ్ళు ఇంకా బతికే వున్నారు. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీ మీద సైకిలు ఆపుకుని, ఎదురుగా నీళ్ళు చూస్తూ, అలాంటి ఒక ముసలమ్మ గొంతులో ఆ రాత్రి సంగతి వింటే ఎలా వుంటుందో ఊహించండి. ఇంజనీరింగు లెక్కలు కావలసినవాడు పుస్తకం కొనుక్కుంటాడు. ఆ ముసలమ్మ పోతే ఆ కథ ఏ పుస్తకంలోనూ దొరకదు. అంచేత తొందరగా చెయ్యవలసిన పని ఇది, పుష్కరాల కోసం కాదు.

పుష్కరాలంటే మరొకటి గుర్తొచ్చింది. 2015 జూలై 14న, మొదటిరోజునే, ఘాటులో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. 'ఊరి పరువు, యాత్రికుల ఎదుట అలాంటివి ఎందుకండీ' అన్నారు మా పెద్దమనిషి. అదేం మాట! నదికి వచ్చినవాళ్ళు నదిదాకా చేరకుండా పోతే, పన్నెండేళ్ళయ్యాక అదే మెట్లు దిగబోయేవాళ్ళకి ఆ సంగతి చెప్పకూడదా? పేర్లు చదవక్కర్లేదు, ఎవర్నీ దూషించక్కర్లేదు. ఇక్కడ ఇలా జరిగింది, ఒక్క నిమిషం ఆగండి అంటే చాలు. చావు మాట ఎత్తితే పరువు పోయే ఊరైతే పరువు లేనట్టే.

ఇక గొంతు. కథలు ఎవరి గొంతుతో చెప్పించాలి అంటే, అందరూ ఒక్కసారిగా సినిమావాళ్ళ పేర్లు చెప్పారు. గంభీరంగా వుండాలట. వెనకాల వేణువు వుండాలట. ఒకటికి రెండు భాషల్లో వుంటే చాలు, తెలుగు పుస్తకాల తెలుగులో, ఇంగ్లీషు దొరల ఇంగ్లీషులో. నేను అడిగేది ఒక్కటే. మీ అమ్మమ్మ మీకు కథ చెప్పినప్పుడు గంభీరంగా చెప్పిందా? వెనకాల వేణువు వుందా? 'అదేంటంటేనండీ' అని మొదలుపెట్టే మా గోదావరి యాస వినడానికి పొరుగూరివాళ్ళు డబ్బిచ్చి సినిమాలకి వెళుతున్నారు, మేమేమో దాన్ని ఊళ్ళోకి వచ్చినవాళ్ళకి వినిపించడానికి సిగ్గుపడుతున్నాం.

స్టూడియో కావాలంటారా, అక్కర్లేదు. గొంతు రికార్డు చెయ్యడానికి అసలు శత్రువు గదిలో ప్రతిధ్వని. గుడ్డలున్నచోట ప్రతిధ్వని వుండదు. పరుపులు పేర్చిన గదిలోనో, చీరలు వేలాడే బీరువా తలుపులు తెరిచి దాని ఎదుట కూచునో ఫోనులో మాట్లాడితే ఎంతో శుభ్రంగా వస్తుంది. ఫ్యాను ఆపెయ్యాలి, కుక్కరు విజిల్ అయ్యేదాకా ఆగాలి. ఒక్కొక్క కథ రెండు మూడు నిమిషాలు మించకూడదు, ఎందుకంటే ఒంటికాలి మీద సైకిలు ఆపుకుని నిలబడ్డవాడికి అంతకన్నా ఓపిక వుండదు. చెట్టు నీడ ఎక్కడుందో చూసి అక్కడ ఆపించాలి. కూడలి దగ్గరకొచ్చేసరికి కథ ముగిసిపోవాలి. రద్దీలో కథ చెబితే లారీ కింద పడతారన్న భయం నిజమైనదే గనక, ఒక చెవిలోనే పెట్టుకోవాలి, నడుస్తున్నంతసేపూ దారి మాత్రం చెప్పాలి, కథ ఆగాకే. ఇందులో ఆడవాళ్ళకి చేతగానిది ఏముంది? రెండు నిమిషాల్లో ఎంత చెప్పొచ్చో, వీధి కుళాయి దగ్గర బిందె నిండేలోగా ఊరు ఊరంతా చెప్పినవాళ్ళని అడగండి!

'ఇంతకీ తొక్కేది ఎవరండీ, మీరా?' అని వెటకారంగా అడిగినవాళ్ళు లేకపోలేదు. అవును, నేనే. మేమే. మా తరం ఆడపిల్లలు ఎనిమిదో తరగతిదాకా సైకిలు తొక్కినవాళ్ళం. తర్వాత పరికిణీ మీదికి వోణీ వచ్చింది, సైకిలు తమ్ముడికి పోయింది. కాళ్ళు మరిచిపోలేదు. సైకిలు ఈత లాంటిదే గదా, ఒకసారి వస్తే పోదు. కావలసిందల్లా చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా వెనక వలలాంటి డ్రెస్ గార్డు, నిండా మూసిన చెయిన్ కవరు వున్న సైకిలు. ఇదివరకు ప్రతి లేడీస్ సైకిలుకీ వుండేవి. ఇప్పుడు షాపుకెళ్ళి అడిగితే కుర్రాడు నన్ను వింతగా చూసి, గేర్లున్న సైకిళ్ళు చూపిస్తాడు. గేర్లు దేనికి నాయనా, గోదావరి గట్టు మీద కొండలున్నాయా?

ఆడవాళ్ళు సైకిలెక్కరన్న మాట ఎంత అబద్ధమో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఎప్పుడో తేల్చేసింది. 1990లలో మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోబాటు అక్కడి ఆడవాళ్ళకి సైకిలు నేర్పారు. పొలం కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, టీచర్లు, నర్సులు, వేలకు వేలమంది రోడ్డెక్కారు. బ్యాంకుల చేత సైకిళ్ళకి అప్పులిప్పించారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. ముందు అడ్డకమ్మీ వుంటే దానిమీద పిల్లని కూచోబెట్టుకోవచ్చు, ఇంకా మంచిదన్నారట! అదీ ఆడవాళ్ళ బుద్ధి. చిత్రాంగి బుద్ధి గురించి ఇంతసేపు మాట్లాడేవాళ్ళు దీన్ని కూడా ఒక జాబితాలో ఎక్కించుకోవాలి.

మన దగ్గరా డబ్బు పెట్టకపోలేదు. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన ఇరవైమూడు కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు, నెత్తిన సోలార్ పలకల కప్పుతో సహా. గొప్ప పనే. నీడకి నీడ, కరెంటుకి కరెంటు. కాని అది ఇల్లూ వాకిలీ, గుడీ బడీ అన్నిటికీ దూరంగా పరుగెత్తే బాట. వొంటికి మంచిదేమో గాని, అక్కడ చెవికి చెప్పడానికి ఊరే లేదు. మా ఊళ్ళో ఊరుంది, బాటే లేదు. గట్టు పక్కన ఒక గీత గీసి, దానిమీద మిర్చిబజ్జీల బళ్ళు పెట్టనివ్వకుండా చూస్తే చాలు.

అసలు, గైడు లేకుండా మనంతట మనం తిరిగే ఈ పద్ధతి ముఖ్యంగా ఆడవాళ్ళకి పనికొస్తుందని ఎవరూ అనరేం? ఒంటరి ఆడది ఊరుగాని ఊళ్ళో గైడుని మాట్లాడుకోవాలంటే ఎంత ఆలోచించాలి. 'మీవారు రాలేదా అమ్మా' అన్న ప్రశ్నతో మొదలవుతుంది చరిత్ర. మనిషికి బదులు చెవిలో ఒక ఆడగొంతు తోడుంటే, 'ఈ సందు మంచిదే, వెళ్ళండి', 'ఇక్కడ చీకటి పడ్డాక వద్దు' అని ఉన్నమాట చెబితే, ఎంత ధైర్యం! సొంత ఊళ్ళో అయినా అంతే. ఇరవయ్యేళ్ళు కాపరం చేసిన ఊళ్ళో, ఇంటినుంచి బజారుకీ, బజారునుంచి గుడికీ తప్ప మరో దారి తెలియని ఆడవాళ్ళు మా వీధిలో ఎంతమంది వున్నారో నేను లెక్కపెట్టి చెప్పగలను. యాత్రికులు తర్వాత. ముందు వాళ్ళకి ఊరు చూపించండి.

ఇన్ని చెప్పాక పెద్దమనిషిగారు కొంచెం మెత్తబడ్డారు. రాజ్యలక్ష్మమ్మగారికి రెండు నిమిషాలు ఇస్తామన్నారు, సత్యవాణిగారి మాట పరిశీలిస్తామన్నారు. సంతోషమే, కాని ఇంకొకటుంది. రెండు గంటలు సైకిలు తొక్కే ఆడది మధ్యలో ఎక్కడికి వెళ్ళాలి? వెళ్ళినచోట నీళ్ళున్నాయా, దీపముందా? 'ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఇక్కడ' అని ఫోనులో చెప్పే ఆ ఒక్క వాక్యమూ మిగతా కథలన్నిటికన్నా ముందు రికార్డు చెయ్యాలన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. ఆ వాక్యం నిజం కావాలంటే ముందు తలుపుకి లోపలివైపు గడియ వుండాలి గదా, అదెప్పుడు బిగిస్తారన్నాను.